ఆరు మిల్లీమీటర్ల కన్నం

మా చినరేవు పురపాలక సంఘంలో కన్నం లేని వస్తువు లేదు. ఈ మాట ఒకప్పుడు గర్వంగా చెప్పుకునేవాణ్ణి, ఎందుకంటే ఆ కన్నాలన్నీ నా చేతి మీదుగా పడ్డవే. ఇరవై ఆరేళ్లుగా నేను ఇక్కడ స్టోర్స్ గుమస్తాని. పేరు పట్నాయక్.

కన్నాల వెనక ఒక ఉత్తర్వు ఉంది. పదకొండేళ్ల కిందట మా నిచ్చెన ఒకటి మాయమై, నెల తర్వాత ఓ పెళ్లి పందిరిలో కనబడింది. మాదని మేమూ, తమదని పందిళ్లు వేసేవాళ్లూ గంటసేపు వాదించుకున్నాం. నిరూపించడానికి ఎవరి దగ్గరా ఏమీ లేకపోయింది. అప్పటి కమిషనర్ గారికి పౌరుషం వచ్చి 'చరాస్తుల శాశ్వత గుర్తింపు ఉత్తర్వు' జారీ చేశారు. స్టోర్సులోకి వచ్చిన ప్రతి వస్తువుకూ, పరిమాణంతో నిమిత్తం లేకుండా, మధ్యభాగమున ఆరు మిల్లీమీటర్ల రంధ్రం వేసి, అందులోంచి తీగ దూర్చి, నంబరు చెక్కిన అల్యూమినియం బిళ్ల కట్టవలెను. రంగుతో రాస్తే చెరిగిపోతుంది, కాగితం అంటిస్తే ఊడిపోతుంది, కన్నం మాత్రం ఎక్కడికీ పోదని ఆయన వాదన. అది నిజమే మరి.

ఆ రోజు నుంచి కుర్చీలకి కన్నం, బల్లలకి కన్నం, బకెట్లకి కన్నం. బకెట్లకి అంచు దగ్గర పెడదామని నేనంటే, ఉత్తర్వులో 'మధ్యభాగమున' అని ఉందని తనిఖీకి వచ్చినవాళ్లు ఒప్పుకోలేదు. అందుచేత మా బకెట్లు సగం దాకానే నిండుతాయి. కాలువలు తీసే సిబ్బందికిచ్చిన గమ్‌బూట్లకీ పెట్టాం. బూటులోకి వచ్చిన నీరు అదే దారిన బయటికి పోతుంది కదా, ఇదీ ఒక సౌకర్యమేనని ఆరోగ్యాధికారి ఫైలు మీద రాశారు. కాలువలు తీసేవాళ్ల అభిప్రాయం రాసుకోవడానికి ఫైల్లో చోటు లేదు.

ఇన్నేళ్లలో ఏ కన్నమూ నన్ను నిద్ర లేకుండా చేయలేదు. నిద్ర చెడగొట్టినవి దసరా దీపాల కనెక్టర్లు.

దసరా పది రోజులూ కూరగాయల మార్కెట్టు నుంచి ఆర్టీసీ కాంప్లెక్సు దాకా మెయిన్ రోడ్డంతా సీరియల్ సెట్లు కట్టడం మా మున్సిపాలిటీ ఆనవాయితీ. కట్టేది వైర్‌మన్ సన్నిబాబు. తొమ్మిదేళ్లుగా అవుట్‌సోర్సింగ్ మీద పనిచేస్తున్నాడు. ఒక సెట్టుని ఇంకో సెట్టుకి కలిపే చోట తీగలు మెలేసి నల్ల టేపు చుట్టేవాడు, అంతకుమించి మేం ఏదీ ఇచ్చిన పాపాన పోలేదు. నిరుడు ఎనిమిదో రోజు సాయంత్రం వాన పట్టుకుంది. ఓ జాయింటులో నీళ్లు దిగి నిప్పురవ్వలు రాలుతుంటే, కింద జనం ఉన్నారని గబగబా నిచ్చెనెక్కాడు. కరెంటు కొట్టి విసిరేసింది. అరటిపళ్ల బండి మీద పడబట్టి బతికాడు. కుడిచేతి రెండు వేళ్లు ఇప్పటికీ ముడుచుకోవు.

దాని మీద విచారణ కమిటీ మూడు నెలలు కూర్చుంది. ప్రమాదానికి కారణం వాన అని తేల్చింది. వాన పురపాలక సంఘం పరిధిలోకి రాదు గనక తదుపరి చర్య అవసరం లేదని ఫైలు మూసింది.

ఈ ఏడు కొత్త కమిషనర్ గారు వచ్చారు. మర్యాదస్తుడు, ఎవరొచ్చినా కూర్చోబెట్టి వింటారు. దసరాకి రెండు నెలల ముందు సన్నిబాబు నన్ను వెంటబెట్టుకుని ఆయన గదిలోకి వెళ్లాడు.

"బాబూ, ఎక్కమంతే ఎక్కుతాను, నాకేటీ బయిం లేదు," అన్నాడు. "జాయింట్లకాడ ఎయ్యడానికి నీలు దిగని కనెక్టర్లని దొరుకుతన్నాయి. రెండు ముక్కలూ కలిపీసి మూత బిగించీస్తే సుక్క నీరు దిగదు. అవి ఇప్పించండి సాలు. మల్లీ పడితే కింద అరటిపల్ల బండి ఉంటాదో ఉండదో."

కమిషనర్ గారు నిజంగానే చలించిపోయారు. ఆ మధ్యాహ్నమే 'వాతావరణ నిరోధక అనుసంధాన పరికరముల ఎంపిక కమిటీ' వేశారు. ఆయన అధ్యక్షుడు, విద్యుత్ విభాగం ఏఈ వసంతకుమార్ గారు సభ్యుడు, నేను రాతపనికి.

వారం తిరిగేసరికి వసంతకుమార్ గారు రెండు నమూనాలు తెచ్చి బల్ల మీద పెట్టారు. చూడ్డానికి రెండూ ఒకేలా ఉన్నాయి. బొటనవేలంత నల్ల గొట్టాలు, లోపల రబ్బరు వాషర్లు, మర మూతలు.

"ఇది ఐపీ అరవై ఐదు సార్. ఇది ఐపీ అరవై ఏడు."

"నూటికా?" అన్నారు కమిషనర్ గారు.

"నూటికి కాదు సార్. మొదటి అంకె దుమ్ముకి, రెండో అంకె నీళ్లకి. అరవై ఐదు అంటే ఎటునుంచి నీళ్లు కొట్టినా లోపలికి పోవు. అరవై ఏడు అంటే మీటరు లోతు నీళ్లలో అరగంట ముంచినా పోవు. మన దీపాలు పైన ఉంటాయి కాబట్టి అరవై ఐదు సరిపోతుంది."

కమిషనర్ గారు అంతా శ్రద్ధగా విన్నారు. తర్వాత కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు.

"వసంతకుమార్ గారూ, ఇది మానవ ప్రాణానికి సంబంధించిన అంశం. రేపు ఏదైనా జరిగితే, అరవై ఏడు అందుబాటులో ఉండగా అరవై ఐదుని ఏ ప్రాతిపదికన ఎంపిక చేశారని అడుగుతారు. ఆ రెండు మార్కులకి మీరు జవాబు చెబుతారా, నేను చెప్పనా? అసలు నన్నడిగితే తొంభై పైన వచ్చినదేదైనా ఉందేమో వాకబు చేయాల్సింది."

అరవై తొమ్మిదికి మించి దేశంలో దొరకదని వసంతకుమార్ గారు చెప్పారు. ఈ రంగంలో ప్రమాణాలు ఇంతగా పడిపోయినందుకు కమిషనర్ గారు విచారం వెలిబుచ్చారు. నేను మినిట్సు రాశాను. 'కూలంకషముగా చర్చించిన మీదట, పోటీలో నిలిచిన రెండింటిలో అధిక మార్కులు సాధించిన పరికరమును ఎంపిక చేయుటకు ఏకగ్రీవముగా తీర్మానించడమైనది.'

అరవై ఐదు కంపెనీవాళ్లు మాత్రం తమదే ఖాయమన్న ధీమాతో నాలుగు వందల కనెక్టర్లు ముందుగానే పంపేశారు. నాలుగు అట్టపెట్టెలు. ఓడిపోయిన సరుకు గనక స్టోర్సులోకి తీసుకోకూడదు. తిప్పి పంపాలంటే వేరే ఉత్తర్వు కావాలి, అది సంతకానికి వెళ్లి ఎక్కడో ఆగింది. అందుకని వాటిని వరండాలో పెట్టి 'తిరస్కరించబడినవి, ముట్టరాదు' అని రాసిన కాగితం అంటించాను.

గెలిచిన అరవై ఏడులు పదిహేను రోజుల్లో వచ్చాయి. అవి కూడా నాలుగు వందలు. నేను యథావిధిగా డ్రిల్లు తీశాను.

అబద్ధం ఎందుకు చెప్పాలి, ఒక్కో దానికీ కన్నం పెడుతున్నప్పుడు నాకు ఏ ఆలోచనా రాలేదు. పదకొండేళ్ల అలవాటు, చెయ్యి దాని దారిన అది పోయింది. రెండు రోజుల్లో నాలుగు వందలూ పూర్తిచేసి, బిళ్లలు కట్టి, వరసగా పేర్చి సన్నిబాబుకి కబురు పెట్టాను.

అతను ఒకటి చేతిలోకి తీసుకున్నాడు. అటూ ఇటూ తిప్పాడు. కన్నం దగ్గర కన్ను పెట్టి కిటికీ వైపు చూశాడు.

"పట్నాయక్ బాబూ, ఇటునుంచి సూస్తే మీరు అవుపిస్తన్నారు."

"నంబరుకోసంరా."

"ఓ బకెట్టు నీలు తెప్పించండి."

సగం బకెట్టు నీళ్లు తెచ్చారు. కనెక్టరు మూత గట్టిగా బిగించి ముంచాడు. బుడబుడమని బుడగలు పైకొచ్చాయి. బయటికి తీసి విప్పి వంచితే నా బల్ల మీద చెంచాడు నీళ్లు పడ్డాయి. సన్నిబాబు తన తువ్వాలుతో ఆ నీళ్లు తుడిచాడు. తిట్టినా బాగుండేది.

ఇద్దరం కమిషనర్ గారి దగ్గరికి వెళ్లాం. ఏఈ గారు కూడా వచ్చారు. కమిషనర్ గారు బుడగల సంగతి సానుభూతితో విన్నారు.

"సమస్య తీవ్రత నాకు అర్థమైంది," అన్నారు. "అయితే సూక్ష్మంగా పరిశీలిస్తే, ఇక్కడ లోపం కనెక్టరుదీ కాదు, ఉత్తర్వుదీ కాదు. రెండూ వేటికవి నిర్దుష్టంగా ఉన్నాయి."

"కన్నాన్ని ఎం-సీల్‌తో మూసేద్దాం సార్," అన్నారు ఏఈ గారు.

"గుర్తింపు రంధ్రాన్ని పూడ్చడమంటే ఆస్తి గుర్తింపును చెరపడం. క్లాజు తొమ్మిది. క్రమశిక్షణ చర్య."

"నంబరు వెయ్యకండి బాబూ, ఈ ఒక్కదానికీ ఒగ్గీయండి," అన్నాడు సన్నిబాబు.

కమిషనర్ గారు అతని వంక జాలిగా చూశారు. "చూడు సన్నిబాబూ, నీళ్లు దిగే కనెక్టరు ఉండొచ్చు. నంబరు లేని కనెక్టరు ఉండడానికి వీల్లేదు. అయినా నీ భద్రత విషయంలో రాజీపడే ప్రసక్తి లేదు. ప్రతి కనెక్టరు మీదా ఒక ప్లాస్టిక్ డబ్బా బోర్లిద్దాం. అదనపు రక్షణ కవచం."

నాలుగు వందల డబ్బాలు వచ్చాయి. స్టోర్సులోకి వచ్చాయి గనక చరాస్తులు. చరాస్తులు గనక కన్నం పెట్టాను. ఈసారి పెడుతున్నప్పుడు ఆ బుడగలు గుర్తొచ్చాయని ఒప్పుకుంటాను.

డబ్బాల్లోకి నీళ్లు దిగుతాయని సన్నిబాబు మళ్లీ బకెట్టు తెచ్చి చూపించాడు. కమిషనర్ గారు ఏమాత్రం నిరుత్సాహపడలేదు. డబ్బాల మీద గొడుగులు పెట్టమన్నారు. నాలుగు వందల నల్ల గొడుగులు లారీలో దిగాయి. మధ్యభాగమున అన్నారు కాబట్టి సరిగ్గా నడినెత్తిన, కర్ర దూరే చోటి పక్కనే ఒక్కో కన్నం పెట్టాను. మెయిన్ రోడ్డు మీద వరసగా వేలాడుతున్న గొడుగుల్ని చూసి, ఈ ఏడు అలంకరణ కొత్తగా ఉందని పత్రికల్లో ఫొటోలు వేశారు. ఆ గొడుగు కింద నిలబడి సన్నిబాబు పైకి చూస్తే, కన్నంలోంచి కారిన వానచుక్క తిన్నగా డబ్బా మీదా, డబ్బా కన్నంలోంచి కనెక్టరు మీదా పడుతోంది. మూడు కన్నాలూ ఒకే వరసలో పడ్డాయి. నా పనితనంలో వంక పెట్టడానికి లేదు.

చివరికి టార్పాలిన్లు తెప్పించారు. వీటికి మాత్రం కన్నం పెట్టే పని తప్పింది, తాడు కట్టుకోవడానికి అంచుల్లో కంపెనీవాళ్లే పెట్టి పంపారు. మా సంఘం చరిత్రలో నిబంధనలకు లోబడి పుట్టిన సరుకు ఇదొక్కటేనని కమిషనర్ గారు మురిసిపోయారు. మార్కెట్టు నుంచి కాంప్లెక్సు దాకా రోడ్డంతా దీపాల పైనా కిందా నీలం టార్పాలిన్లు కట్టాం. కనెక్టర్ల మీద నీటిచుక్క పడలేదు. దీపాలు కూడా కనబడలేదు. కూరగాయలమ్మే ఆడవాళ్లు, ఎండకి ఎంత హాయిగా ఉందో అని మున్సిపాలిటీని దీవించారు.

దీపాలు కనబడకపోతే దీపాలంకరణ అని ఎలా అంటామని ఏఈ గారు అడిగారు. దాని మీద మర్నాడే సవరణ ఉత్తర్వు వచ్చింది. 'కాంతి ప్రజలకు గోచరించు నిమిత్తము, టార్పాలిన్లయందు అడుగుకొక రంధ్రము చొప్పున తగినన్ని గవాక్షములు ఏర్పరచవలెను.'

గవాక్షాలు కోసిన రోజే సన్నిబాబుకి ఒక కాగితం ఇచ్చారు. అతను అది పట్టుకుని నా దగ్గరికొచ్చి చదివిపెట్టమన్నాడు. చదివాను. సర్వ రక్షణ ఏర్పాట్లూ చేయబడినవని తాను స్వయముగా పరిశీలించి తృప్తి చెందినట్లు, ఏదైనా ప్రమాదము సంభవించినచో పూర్తి బాధ్యత తనదే అయినట్లు అందులో ఉంది. కింద సంతకానికి గీత ఉంది.

"నిరుడు వానదన్నారు," అన్నాడు సన్నిబాబు. "ఈ యేడు నాదేటి బాబూ?"

కాగితం బల్ల మీద పెట్టాను. అతను నా పెన్ను తీసుకుని, ముడుచుకోని ఆ రెండు వేళ్ల పక్కనుంచి దాన్ని ఎలాగో పట్టుకుని, గీత మీద సంతకం పెట్టడానికి వంగాడు. అప్పుడు నాకు సిగ్గేసింది. ఉత్తర్వు ఎవరిదైనా కావచ్చు, నాలుగు వందల సార్లు డ్రిల్లు నొక్కిన వేలు నాది. మళ్లీ వానొచ్చి ఇతను ఎక్కితే, ఆ కన్నంలోంచి వచ్చే కరెంటు నేను పంపినదే అవుతుంది.

పెన్ను లాగేసుకున్నాను. చెయ్యి పట్టుకుని వరండాలోకి తీసుకెళ్లి, ఓడిపోయిన నాలుగు పెట్టెలూ చూపించాను.

"ఇవి పట్టుకుపో."

సన్నిబాబు పైనున్న కాగితం కూడబలుక్కుని చదివాడు. "ముట్టరాదని ఉంది గదా."

"మున్సిపాలిటీ ముట్టరాదు. నువ్వు అవుట్‌సోర్సింగ్ వాడివి."

పెట్టె విప్పి ఒక కనెక్టరు తీసి, మొన్నటిలాగే కంటి దగ్గర పెట్టుకుని నా వైపు చూశాడు. "ఇటునుంచి మీరు అవుపించట్లేదు బాబూ," అన్నాడు. అంత సంతోషంగా ఎవరూ నన్ను చూడలేకపోవడం నా జీవితంలో అదే మొదటిసారి.

నాలుగు వందల జాయింట్లూ రెండు రోజుల్లో మార్చేశాడు. కన్నాలవి విప్పి గోనెసంచిలో కట్టి నాకప్పగించాడు. దసరా రెండో రోజున గాలివాన వచ్చింది. గవాక్షాల దగ్గర పట్టుకుని టార్పాలిన్లని చీల్చి ఎక్కడికో ఎత్తుకుపోయింది, గొడుగులు వెనక్కి తిరగబడ్డాయి, డబ్బాలు కాలువలో కొట్టుకుపోయాయి. నాలుగు రోజులు విడవకుండా కురిసింది. ఒక్క బల్బు ఆరలేదు. చుట్టుపక్కల ఊళ్లన్నీ చీకట్లో ఉంటే మా మెయిన్ రోడ్డు మాత్రం ధగధగలాడింది. జనం గొడుగులేసుకుని మరీ వచ్చి చూశారు. సన్నిబాబు నిచ్చెన ఎక్కాల్సిన పని ఒక్కసారి కూడా రాలేదు.

జిల్లా కేంద్రం నుంచి కమిషనర్ గారికి అభినందనలు వచ్చాయి. ఇంత వానలో వెలిగిన కనెక్టర్ల వివరాలు పంపమని అడిగారు. ఏఈ గారు అమాయకుడు, కమిషనర్ గారికి ఉన్నమాట చెప్పేశారు. అవి అరవై ఐదులని, స్టోర్సులోకి రాలేదని, కన్నాలు లేవని.

కమిషనర్ గారు పదే పదే నుదురు తుడుచుకున్నారు. సరుకు బాగా పనిచేసినందుకు ఆయనకి అభ్యంతరం లేదు. నంబరు లేకుండా పనిచేసినందుకు ఉంది. సాయంత్రానికి ఉత్తర్వు నా బల్ల మీదికొచ్చింది. 'సదరు నాలుగు వందల పరికరములను తక్షణము స్టోర్సులోనికి తీసుకొనినట్లు భావించి, ఉన్నవి ఉన్నచోటనే, దీపాలంకరణకు అంతరాయము కలుగకుండ, ఇరువది నాలుగు గంటలలోగా గుర్తింపు రంధ్రములు వేసి నివేదిక సమర్పించవలెను.'

మర్నాడు పొద్దున్న నేనూ, సన్నిబాబూ, డ్రిల్లూ, నిచ్చెనా వెళ్లి మార్కెట్టు దగ్గర మొదటి స్తంభం కింద నిలబడ్డాం. సన్నగా జల్లు పడుతోంది. అంతరాయం కలగకూడదన్నారని దీపాలు పగలు కూడా వెలుగుతున్నాయి.

"కరెంటు పారతా ఉండగానే కన్నమెట్టాలేటి?" అన్నాడు సన్నిబాబు.

"అలాగే రాశారు."

"ఎవులు ఎక్కాల?"

"నువ్వే."

అతను నిచ్చెన మీద చెయ్యి వేశాడు. తొమ్మిదేళ్లుగా ఎక్కమంటే ఎక్కినట్టే ఎక్కబోయాడు. నాకు ఎక్కడలేని కోపం వచ్చింది, ఎవరి మీదో చెప్పలేను. బహుశా నా మీదే. "దిగు," అని అరిచాను. ఇంకా ఎక్కలేదని అతనన్నాడు.

ఎదురుగా టీ దుకాణంలో కూర్చుని నివేదిక రాశాను. 'ఉత్తర్వుల ప్రకారము నాలుగు వందల పరికరములకు యథావిధిగా గుర్తింపు రంధ్రములు వేయడమైనది. నంబరు బిళ్లలు కట్టడమైనది. అంతరాయము కలుగలేదు.' ఇరవై ఆరేళ్ల సర్వీసులో నేను రాసిన మొదటి అబద్ధం అది. రాసేశాక టీ ఇంత రుచిగా ఉంటుందని నాకు తెలియదు.

ధ్రువీకరణ సంతకానికి ఏఈ గారిని అక్కడికే రప్పించాను.

"పైకెక్కి చూసుకుంటారా సార్? నిచ్చెన సిద్ధంగా ఉంది," అన్నాను.

వసంతకుమార్ గారు నిచ్చెన వంక చూశారు. జల్లు వంక చూశారు. సన్నిబాబు వేళ్ల వంక కొంచెం ఎక్కువసేపు చూశారు. ఆయన చదువుకున్న మనిషి. "కింద నుంచే స్పష్టంగా కనబడుతున్నాయి పట్నాయక్ గారూ, చక్కగా పెట్టారు," అని సంతకం చేశారు.

అక్కడితో అయిపోయిందనుకున్నాను. దసరా తర్వాత నెలకి జిల్లా స్థాయి సమీక్ష జరిగింది. నాలుగు వందల కన్నాలు, నాలుగు రోజుల వాన, ఒక్క దీపం ఆరలేదు. నా నివేదికా, ఏఈ గారి సంతకమూ అక్కడి పెద్దలు చదివారు, దాని మీద ఉన్న గాలివాన తర్వాతి తేదీ మాత్రం చూడలేదు. చదివి నిపుణుల సంఘం వేశారు. లోపలికి వెళ్లిన తేమ గుర్తింపు రంధ్రం ద్వారా ఎప్పటికప్పుడు బయటికి పోవడం వల్లనే దీపాలు వెలిగాయని నిపుణులు తేల్చారు. దానికి 'చినరేవు వాయుప్రసరణ విధానం' అని పేరు పెట్టారు. వచ్చే పండగలకి జిల్లాలోని పురపాలక సంఘాలన్నీ తమ కనెక్టర్లకు మధ్యభాగమున ఆరు మిల్లీమీటర్ల రంధ్రం వేయవలెనని ఆదేశించారు. మా కమిషనర్ గారికి శాలువా కప్పారు.

ఆ ఆదేశం రెండుసార్లు చదివాను. ఒక్క సన్నిబాబుని కాపాడదామని నేను రాసిన మూడు వాక్యాలు, ప్రతి ఊళ్లోనూ ఒక సన్నిబాబుని నిచ్చెనెక్కించబోతున్నాయి. వాళ్ల కింద అరటిపళ్ల బండ్లు ఉంటాయని ఎవరు హామీ ఇస్తారు? నిజం చెప్పేద్దామని కమిషనర్ గారి గదికి వెళ్లాను. ఆయన శాలువా మడత పెడుతున్నారు. సగం చెప్పేసరికే చెయ్యెత్తి ఆపారు.

"మీ వినయం నాకు తెలుసు పట్నాయక్ గారూ. కన్నాలు లేవని మీరంటే నిపుణులు ఒప్పుకోరు. అన్నట్టు, మిగతా ఊళ్ల స్టోర్స్ గుమస్తాలకి రంధ్రాలు వేయడంలో శిక్షణ ఇచ్చే బాధ్యత మీకే అప్పగించారు. సోమవారం వస్తున్నారు."

సోమవారం వచ్చారు. అయిదుగురు, నా ఈడువాళ్లే, ఒక్కొక్కరి సంచిలో ఒక్కో కొత్త డ్రిల్లు. వాటిని ఇలా ఇవ్వమని తీసుకుని బీరువాలో పెట్టి తాళం వేశాను. తలుపు దగ్గరికి సన్నిబాబుని పిలిచి నిలబెట్టాను, అతని చెయ్యి అందరికీ చూపించమన్నాను. అది ఎలా జరిగిందో అతను చెప్పుకొచ్చాడు. తర్వాత తలా ఒక తెల్లకాగితం ఇచ్చి రాసుకోమన్నాను.

"ఉత్తర్వుల ప్రకారము అన్ని పరికరములకు యథావిధిగా రంధ్రములు వేయడమైనది. అంతరాయము కలుగలేదు. ఇదే నమూనా. కింద సంతకం, పక్కన తేదీ. మీ ఏఈ గార్ని నిచ్చెన దగ్గరికి తీసుకెళ్లి, ఎక్కి చూడమని మర్యాదగా అడగండి. వాన పడుతున్న రోజైతే మంచిది."

అందరూ రాసుకున్నారు. ఒకాయన మాత్రం పెన్ను మూత పెట్టకుండా, "మరి కన్నాలు ఎప్పుడు పెట్టాలండీ?" అని అడిగారు.

నేను నోరు విప్పేలోగా సన్నిబాబు అందుకున్నాడు.

"రాసీసినారు గదా బాబూ, అయిపోనాది."